దాలయ్యకు బదులు ధనరాజు

మార్చి 8, శనివారం

లీగు సగం అయిపోయింది. ఆరు జట్లలో మనది మూడో స్థానం. పైనున్న నాలుగు జట్లే సెమీఫైనల్‌కి వెళ్తాయి. నా లెక్క ప్రకారం మనం ఇంక రెండు మ్యాచులు గెలిస్తే చాలు, మిగతావి ఓడినా ఫరవాలేదు. ఎలాగూ ఓడం. డిగ్లీపూర్ వాళ్ళ గురించి సత్యారావు మావయ్య అనవసరంగా కంగారుపడుతున్నాడు. ద్వీపాల ఉత్తరపు కొస నుంచి రోజంతా బస్సులో కూర్చుని వచ్చి, నడుములు పట్టుకుని గ్రౌండులోకి దిగేవాళ్ళు ఏం ఆడతారు? వాళ్ళు సెమీస్‌కి వస్తే నేను కొట్టు మూసేసి సన్యాసం పుచ్చుకుంటానని చెప్పాను.

ఇవాళ అసలు చర్చ మార్పిడి గురించి. సోమవారం సాయంత్రం లోపల ప్రతి జట్టూ ఒక ఆటగాణ్ణి ఇంకో జట్టుకిచ్చి, బదులుగా ఒకణ్ణి తెచ్చుకోవచ్చు. ఈ ఏడే పెట్టిన రూలు. జట్టుకి కమిటీ అని పేరుకొకటి ఉందిగానీ, జంగ్లీఘాట్‌లో క్రికెట్ నిర్ణయాలన్నీ మా కొట్టు ముందు బెంచీ మీదే జరుగుతాయి. హార్బర్‌లో చేసి రిటైరైన సత్యారావు మావయ్య పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. కాళమ్మ పిన్ని చేపల గంప ఖాళీ అయ్యాక వస్తుంది. కెప్టెన్ లోహిత్ ఫోన్ రీచార్జికి వచ్చి మధ్యాహ్నం దాకా కదలడు. నేను గల్లా దగ్గర కూర్చుని, సబ్బులూ గేలాలూ అమ్ముతూ, వాళ్ళ తప్పులు దిద్దుతుంటాను.

"బౌలింగ్‌కి మనకేటి లోటు కోడలా. బేటింగే లేదు. మొదటి ఓవరుకే ఇద్దరు ఎల్లిపోతన్నారు," అన్నాడు సత్యారావు మావయ్య.

"ధనరాజు చాహియే," అన్నాడు లోహిత్. ధనరాజు బాంబూఫ్లాట్ ఓపెనర్. పోయిన నెలలో మన మీద అరవై కొట్టి మన పరువు తీసిన మనిషి. ఏదో ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం ఐదుకల్లా బ్యాటు పట్టుకుంటాడు.

ఎవరిని ఇవ్వాలన్న దగ్గర అందరూ నీళ్ళు నమిలారు. అడిగేది బాంబూఫ్లాట్ వాళ్ళు. వాళ్ళకి ఎడమచేతి బౌలర్ కావాలి. మన జట్టులో ఎడమచేతి బౌలర్ ఒక్కడే. మా ఆయన.

నేనే అన్నాను, "దాలయ్యనిచ్చేయండి" అని.

కాళమ్మ పిన్ని నోట్లో ఆకు నమలడం ఆపేసింది. "ఒలమ్మా, నీ మొగుణ్ణి నువ్వే ఇచ్చీమంతన్నావేటి?"

మొగుణ్ణి కాదు, బౌలర్ని. అదే వాళ్ళకి విడమరిచి చెప్పాను. గోడ మీద క్యాలెండరు చూపించాను. సెమీఫైనల్ ఇరవై తొమ్మిదో తారీఖు. అమావాస్య. వెన్నెల రాత్రుల్లో వల చేపకి కనబడుతుంది కాబట్టి బోట్లు ఒడ్డున ఉంటాయి, చీకటి రోజుల్లో అన్నీ సముద్రం మీదే. ఈ సంగతి మన పిల్లలకి పాలతో పాటు తెలుస్తుంది. బాంబూఫ్లాట్ జట్టులో ఉన్నవాళ్ళు డ్రైవర్లు, మేస్త్రీలు, ఆఫీసువాళ్ళు. వాళ్ళకి అమావాస్య అంటే గుమ్మడికాయ కొట్టే రోజు, అంతే. దాలయ్యని చూసి మురిసిపోయి తీసుకుంటారు. సెమీస్ నాడు చూసుకుంటే మనిషి ఉండడు. మనకి మాత్రం ధనరాజు నిక్షేపంగా ఒడ్డు మీద ఉంటాడు.

సత్యారావు మావయ్య ఒక పట్టాన ఒప్పుకోలేదు. పదకొండేళ్ళుగా ఆడుతున్నవాడు, జట్టు కోసం ఒక్క ట్రిప్పు మానేయడా అన్నాడు. అప్పుడు రెండో కారణం కూడా చెప్పాను. దాంతో అందరూ ఒప్పుకున్నారు.

రెండో కారణం ఇక్కడ రాయక్కర్లేదు.

మార్చి 9, ఆదివారం

లోహిత్ పొద్దున్నే జెట్టీ దగ్గరికి వెళ్ళి ఆయనకి చెప్పాడట. ఆయన తేలిగ్గానే తీసుకున్నాడు. ఇంటికొచ్చి, "బాంబూఫ్లాటంట. ఇంకమీదట రోజూ చాతం జెట్టీకి ఎల్లి ఫెర్రీ ఎక్కాల," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. బాధపడే మనిషి రెండోసారి పెట్టించుకుంటాడా?

నేను చెప్పానని లోహిత్ చెప్పి ఉండడు. ఎందుకు చెప్తాడు, కెప్టెన్ కదా, నిర్ణయం తనదే అని చెప్పుకుంటాడు.

మార్చి 10, సోమవారం

సంతకాలు అయ్యాయి. ధనరాజు మనవాడు.

మార్చి 12, బుధవారం

ఆయన రోజూ సాయంత్రం బాంబూఫ్లాట్‌కి ప్రాక్టీసుకి వెళ్తున్నాడు. కొత్త జట్టు కదా, ఉత్సాహం.

ఇంకోటి. భుజానికి మందు రాయడం నా పని. రెండు రోజులుగా మంజు చేత రాయించుకుంటున్నాడు. మంజుకి ఎనిమిదేళ్ళు, దాని చేతులకి బలమెక్కడిది, పైపైన పులుముతుంది. అయినా పిల్లకి తండ్రి దగ్గర చనువు పెరుగుతుంది, మంచిదే. నాకూ కొట్టు పని మిగిలిపోతోంది.

మార్చి 14, శుక్రవారం

హోలీ. రంగులతో ధనరాజు కొట్టుకొచ్చాడు. కాళమ్మ పిన్ని వాడి మొహానికి పసుపు పూసి, "ఈసారి కప్పు ఇక్కడ పెట్టాల బాబూ," అని నా కొట్టు గాజుబీరువా మీద చోటు చూపించింది. అక్కడున్న షాంపూ సీసాలు ఇవాళే పక్కకి సర్దేశాను.

ఆయన రంగులాడలేదు. వల బాగు చేసుకుంటూ కూర్చున్నాడు.

మార్చి 16, ఆదివారం

ధనరాజు నలభై ఒకటి. గారచర్మ వాళ్ళని ఏడు వికెట్లతో చిత్తు చేశాం. నేను ముందే చెప్పాను. వాడు మొదటి రెండు ఓవర్లు నిలబడితే చాలు, మిగతావాళ్ళు వాడి చుట్టూ ఆడుకుంటారని చెప్పాను. అక్షరాలా అదే జరిగింది. సత్యారావు మావయ్య అందరి ముందూ, "కమిటీలో మొగోళ్ళనందరినీ దింపీసి మా కోడల్ని ఎక్కించాల," అన్నాడు. నేను వద్దనలేదు.

అవతల ఆయన బాంబూఫ్లాట్ తరఫున రెండు వికెట్లు తీశాడని మంజు చెప్పింది. ఇద్దరికీ లాభమే కదా. మంచి మార్పిడి అంటే అదే మరి.

ఇంటికొచ్చాక, "ఎలా వేశావ్ మావా?" అనడిగాను.

"ఏసినాను," అన్నాడు.

మార్చి 19, బుధవారం

బోటు నిన్న వెళ్ళింది. ఆయన లేని ఇంట్లో మంజు హిందీ పద్యాలు బట్టీ పడుతుంటే వినడం తప్ప పనేం లేదు. మధ్యాహ్నం బేరాలు లేవు. కాబట్టి రెండో కారణం రాసేస్తాను. దాచుకోవాల్సిన విషయమేం కాదు.

ఆయన ఎడమ భుజం పోయింది. మొదటి ఓవరు బాగానే వేస్తాడు. రెండో ఓవరుకి చెయ్యి చెవి దాకా లేవదు. బంతి మెల్లగా, ఎత్తుగా పోతుంది, ఆగి కొడితే ఎవడైనా సిక్సరు కొట్టొచ్చు. అది బౌలింగు వల్ల వచ్చింది కూడా కాదు, వల లాగి లాగి వచ్చింది. మందు రాసేటప్పుడు గోడవైపు తిరిగి పళ్ళు బిగబట్టుకుంటాడు. ఇంట్లో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. బెంచీ మీద అదే చెప్పాను. ఉన్న మాటే చెప్పాను. జట్టు మేలు కోరే ఎవరైనా చెప్తారు.

ఎవరికీ చెప్పొద్దని ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. అనుంటే చెప్పేదాన్ని కాదు.

మార్చి 23, ఆదివారం

గెలిచాం. రెండో మ్యాచు కూడా నేను చెప్పినట్టే. మనం మూడు, బాంబూఫ్లాట్ రెండు. అంటే సెమీస్‌లో మనకి ఎదురు బాంబూఫ్లాటే. అంతకంటే ఏం కావాలి? అమావాస్య నాడు వాళ్ళ ఎడమచేతి బౌలర్ సముద్రం మీద ఉంటాడు.

డిగ్లీపూర్ వాళ్ళు ఎలాగో నాలుగో స్థానంలో దూరారు. సత్యారావు మావయ్య నాకు కాషాయం చీర ఎప్పుడు తెమ్మంటావని అడిగాడు. పెద్దవాడు కదా అని ఊరుకున్నాను.

మార్చి 25, మంగళవారం

బోటు వచ్చింది. చేప బాగానే పడిందట. రేపు మంచు నింపుకుని మళ్ళీ వెళ్తారు, వచ్చేసరికి ఏప్రిల్ వస్తుంది. నేను అనుకున్నదంతా గీత గీసినట్టు నడుస్తోంది.

ఆయన చెయ్యి వాచింది. నేను మందు సీసా తీస్తే, "ఉంచు, మంజు రాత్తాది," అన్నాడు.

మార్చి 26, బుధవారం

తుపాను హెచ్చరిక. దక్షిణాన వాయుగుండమట. బోట్లు ఒడ్డు దాటకూడదని జెట్టీలో మైకులో చెప్పారు. నింపిన మంచు నింపినట్టే ఉంది, బోటు కట్టేశారు.

ఒకట్రెండు రోజుల్లో ఎత్తేస్తారు. మార్చిలో వచ్చే గాలివానలు ఇలాగే భయపెట్టి పోతుంటాయి. గురువారం ఎత్తేస్తే శుక్రవారం బోటు వెళ్ళిపోతుంది.

మార్చి 27, గురువారం

ఎత్తలేదు.

మార్చి 28, శుక్రవారం

ఎత్తలేదు. వాయుగుండం బర్మా వైపు జరిగిపోయిందట, ఇక్కడ మబ్బు తప్ప చినుకు లేదు. అయినా సోమవారం దాకా బోట్లు కదలకూడదట. మ్యాచ్ మాత్రం రేపు జరుగుతుందట. సముద్రానికి ఒక రూలు, గ్రౌండుకి ఒక రూలు.

గాలివాన అన్నాక మొగుడు ఒడ్డున ఉన్నాడని ఏ ఆడదైనా దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. నేను మూడు రోజులుగా జెట్టీ వైపు చూస్తూ, తుపాను గుర్తుగా ఎగరేసిన ఎర్రజెండా ఎప్పుడు దించుతారా, ఆయన ఎప్పుడు వెళ్తాడా అని ఎదురుచూస్తున్నాను. ఇది రాస్తుంటే నాకే బాగాలేదు.

బెంచీ నిండా జనం. సత్యారావు మావయ్య, "ఏటి కోడలా, అమాస్య ఎటు పోయింది?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. లోహిత్ మాత్రం ధీమాగా ఉన్నాడు. ధనరాజుని వెంటబెట్టుకుని వచ్చి నా ముందు నిలబెట్టాడు.

"టెన్షన్ మత్ లో దీదీ. దాలయ్య భయ్యా ఆడితే మనకే మంచిది. రెండో ఓవరులో ఆగి కొడదాం. చెయ్యి లేవదు గదా, రెండో ఓవరుకే కదా మీరన్నారు?"

"నాకేం తెలుసు," అన్నాను.

"అరే, ఆప్ హీ తో బోలీ థీ. మీరే కదా అన్నది."

ధనరాజు నా మొహం చూస్తున్నాడు. కాళమ్మ పిన్ని కూడా చూస్తోంది. నేను పక్కనున్న మనిషికి బిస్కట్ ప్యాకెట్ ఇచ్చాను. అతను అడిగింది అగ్గిపెట్టె.

జట్టు మార్చమని చెప్పడం వేరు. ఇది వేరు. ఎలా వేరో ఆలోచించాను గానీ తేలలేదు. రేపు మనం గెలుస్తాం. ధనరాజు అలాంటి బంతులు వదలడు.

హార్బర్ లోపల తిరిగే ఫెర్రీలని ఆపలేదు, ఆయన ఇంకా దిగి రాలేదు. గాలివాన రోజుల్లో కూడా ప్రాక్టీసు మానలేదు.

మార్చి 29, శనివారం

ముందు స్కోరు రాస్తాను. బాంబూఫ్లాట్ పది ఓవర్లలో ఎనభై నాలుగు. మనం ఎనభై. నాలుగు పరుగులతో ఓడిపోయాం.

ఇప్పుడు జరిగింది రాస్తాను.

మేం మన జట్టు వైపే కూర్చున్నాం, నేనూ కాళమ్మ పిన్నీ సత్యారావు మావయ్యా. మంజు మాత్రం పొద్దున్నే తండ్రితో వెళ్ళి అవతలి వైపు కూర్చుంది. నేను పిలిస్తే రానని తలూపింది.

మన బ్యాటింగ్‌లో మొదటి ఓవరు ఆయనే వేశాడు. నాలుగు పరుగులిచ్చి ఒక వికెట్ తీశాడు. అది నేను ఊహించిందే. ఆ తర్వాత వాళ్ళ కెప్టెన్ దానయ్య ఆయన్ని పక్కన పెట్టి మిగతావాళ్ళ చేత వేయించాడు. ధనరాజు నిలబడ్డాడు. ముప్పై దాటాడు. చివరి ఓవరుకి పదకొండు కావాలి. మావయ్య అప్పటికే చుట్ట తీసి, గెలిచాక వెలిగిద్దామని చేత్తో పట్టుకున్నాడు.

దానయ్య బంతిని ఆయనకిచ్చాడు.

మన వైపు నుంచి ఈలలే ఈలలు. అందరికీ తెలుసు. లోహిత్ గీత అవతల నిలబడి ధనరాజుకి చెయ్యి ఊపాడు, ఆగు, ఆగి కొట్టు అని. కుర్రాళ్ళు "చెయ్యెత్తు భయ్యా, చెయ్యెత్తు" అని అరిచారు. ఇంతమందికి ఎలా తెలిసిందో. తెలుసు, ఎలా తెలిసిందో నాకు తెలుసు.

ఆయన పరుగెత్తుకొచ్చాడు. చెయ్యి ఎత్తలేదు. ఎత్తే ప్రయత్నమే చేయలేదు. నడుము పక్కనుంచి, గుండ్రంగా తిప్పి వదిలాడు. బంతి నేలని రాసుకుంటూ జారిపోయింది. ఎత్తుగా వస్తుందని కాచుకున్న ధనరాజు గాలిని కొట్టాడు. లోహిత్ అంపైరు దగ్గరికి పరుగెత్తాడు. మోచెయ్యి వంచలేదు, పక్కనుంచి తిప్పాడంతే, తప్పు కాదన్నాడు అంపైరు.

రెండో బంతికి రెండు పరుగులు. మూడోది మళ్ళీ గాల్లోకే. నాలుగోది ఎలాగో అంచుకి తగిలి ఫోరు పోయింది. అయిదో బంతి వేసేముందు ఆయన కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. గోడవైపు తిరిగినప్పుడు ఉండే మొహమే అది. కానీ అక్కడ గోడ లేదు, ఊరంతా చూస్తోంది.

అయిదో బంతికి ధనరాజు బౌల్డ్.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచావని కాళమ్మ పిన్ని అడిగింది. కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాను. ఆఖరి బంతి నేను చూడలేదు. పరుగు రాలేదట.

అందరూ చేతులు కలుపుకునే దగ్గరికి మంజు కోసం వెళ్ళాను. ధనరాజు బ్యాటు చంకలో పెట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. తన వెనకెవరున్నారో చూసుకోలేదు. "క్యా దీదీ, రెండో ఓవరుకి చెయ్యి లేవదన్నారు గదా మీరు?"

వాడి వెనక ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"లెగదు," అన్నాడు. "అది నిజమే సెప్పింది."

అని మంజు చెయ్యి పట్టుకుని బాంబూఫ్లాట్ వాళ్ళ వైపు వెళ్ళిపోయాడు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. వేపపువ్వు కాళమ్మ పిన్ని తెచ్చింది. ఆయన పచ్చడి తిని, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. ఇవాళ నాతో అన్న మాట అదొక్కటే.

భుజం సంగతి నేనే బయటపెట్టానని లోహిత్ ఆరోజే ఆయనకి చెప్పేశాడట, తొమ్మిదో తారీఖునే, జెట్టీ దగ్గరే. మంజు చెప్పింది. మందు రాస్తుంటే ఆయన దాంతో అన్నాడట, "మీ అమ్మకి సెప్పకు, అందరికీ సెప్పీత్తాది" అని. అది నవ్వులాట అనుకుని పిల్ల నాకు చెప్పింది.

మార్చి 31, సోమవారం

జెండా దించారు. బోటు వెళ్ళింది. ఆ భుజంతో.

ఏప్రిల్ 2, బుధవారం

బెంచీ మీద మూడు రోజులుగా నా మీద విచారణ. దాలయ్యని ఉంచుకునుంటే కప్పు మనదేనట. ఇచ్చేయమంటే తలలూపినవాళ్ళే ఈ మాట అంటున్నారు. నేనూ ఊరుకోలేదు. ధనరాజు లేకపోతే మనం సెమీస్‌కే వెళ్ళేవాళ్ళం కాదు. గారచర్మ మ్యాచు ఎవడు గెలిపించాడు? వాయుగుండం నా చేతిలో ఉందా? మార్పిడి తప్పు కాదు. ఇప్పటికీ అదే మాట, మళ్ళీ అడిగినా అదే చెప్తాను. మార్పిడి తప్పు కాదు.

కాళమ్మ పిన్ని అందరూ వెళ్ళేదాకా ఆగింది. గంప కిందపెట్టి, "మార్పిడి సంగతి ఎవులడిగినారే పిల్లా. ఆడు నీకు వీపు సూపించినాడు. నువ్వు ఊరికి సూపించినావు," అంది.

గంప ఎత్తి పిన్ని తలమీద పెట్టి పంపాను.

పదకొండేళ్ళుగా ఆ భుజం నా చేతుల్లో ఉంది. ఎక్కడ పట్టిందో, ఎక్కడ నొక్కితే ఊపిరి వదుల్తాడో తెలుసు. అది నాకు మాత్రమే తెలిసిన విషయం. దాన్ని బెంచీ మీద వాదన గెలవడానికి వాడుకున్నాను. జట్టు కోసం కూడా కాదు, సత్యారావు మావయ్య ఒప్పుకోవడం లేదని.

ఏప్రిల్ 5, శనివారం

మధ్యాహ్నం బోటు వచ్చింది. ఫైనల్ రేపే, బాంబూఫ్లాట్‌కీ డిగ్లీపూర్‌కీ.

ఆయన స్నానం చేసి, అన్నం తిని, కొట్టు ముందుకొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఎండకి వీధిలో ఎవరూ లేరు. కూర్చోవడం కూడా కుడిపక్కకి ఒరిగి కూర్చున్నాడు.

"దానయ్య ఫోన్ సేసినాడు. రేపు మొదటోవరూ ఆఖరోవరూ నన్నే ఎయ్యమంతన్నాడు." ఫోన్ బెంచీ మీద పెట్టాడు. "ఏటి సెప్పమంతావు?"

ఈ వారమంతా ఆయన నాతో ఏం మాట్లాడతాడా అని చూశాను. తిడతాడనుకున్నాను, పుట్టింటికి పొమ్మంటాడనుకున్నాను. ఆట గురించి అడుగుతాడనుకోలేదు. వెయ్యి మావా, నీకేం తక్కువ అనేయొచ్చు. మెచ్చుకుంటే మనసు కరుగుతుందేమో. ఊళ్ళో అందరికీ మొహం మీద చెప్పే నాకు, ఆయన మొహం మీద చెప్పడం కష్టమైంది. బెంచీ మీద ఆయన లేనప్పుడు ఎంత తేలిగ్గా వచ్చింది ఇదే మాట.

"ఒక్క ఓవరే ఎయ్యి మావా," అన్నాను. "మొదటిది. ఆఖరిది వొద్దు. ఆ పక్కసెయ్యి బంతి ఒకసారి సెల్లింది, ధనరాజుకి తెలీదు కాబట్టి సెల్లింది. డిగ్లీపూర్‌వోళ్ళు ఆ మ్యాచ్ కూర్సుని సూసినారు. నువ్వు ఏసినా కొడతారు. కొట్టకపోయినా నీ భుజం మిగల్దు. రేపు వల లాగలేవు."

ఆయన రోడ్డువైపే చూస్తూ విన్నాడు.

"ఇది ఆవేళ నాతో అనుంటే," అన్నాడు, "నానే ఎల్లి లోహిత్‌కి సెప్పీవోణ్ణి గదా. నాకు సేతకావట్లేదురా, ధనరాజుని తెచ్చుకోండి అని. నన్ను ఇచ్చీసినందుకు నాకేటి నేదు వాసవీ. ఆట కాడ అవన్నీ మామూలే. నా భుజం సంగతి ఆ కుర్రోడు జెట్టీ కాడ నాకు సెప్తన్నాడు. నాను సెవులప్పగించి ఇంతన్నాను."

"తప్పు చేశాను," అన్నాను.

ఇంకా చాలా అందామనుకున్నాను. అమావాస్య గురించి, సత్యారావు మావయ్య గురించి. ఏడుపొచ్చింది. అదే సమయానికి ఎదురింటి వాళ్ళు సర్ఫు ప్యాకెట్ కోసం వచ్చారు, కళ్ళు తుడుచుకుని చిల్లర ఇచ్చాను. వాళ్ళు వెళ్ళేదాకా ఆయన కదలలేదు.

తర్వాత ఫోన్ తీసి, నా ముందే దానయ్యకి చేశాడు. "ఒక్క ఓవరే ఏత్తాను. రెండోదానికి నా సెయ్యి లెగదు. ఔ. ఎప్పటినుంచో." ఆయన నోటితో ఆ మాట వినడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 6, ఆదివారం

మొదటి ఓవరు మూడు పరుగులు, ఒక వికెట్. చెయ్యి నిటారుగా, చెవి పక్కనుంచి వచ్చింది. ఇంత అందంగా వేసే మనిషిని నేను ఇచ్చేయమన్నానా అనిపించింది. అనిపించినా, మార్పిడి తప్పు కాదనే ఇప్పటికీ అంటాను.

ఓవరు అయ్యాక ఆయన ఇంకాసేపు ఫీల్డింగ్ చేసి, వేరే కుర్రాణ్ణి దింపి, వచ్చి మా పక్కన కూర్చున్నాడు. మంజు మా ఇద్దరి మధ్యలో దూరింది. మిగతా మ్యాచంతా ఇద్దరం కలిసి కెప్టెన్ దానయ్యని తిట్టాం. లాంగాన్‌లో మనిషిని ఎందుకు తీశాడో ఆయనకీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు. ఆఖరి ఓవరు ఎవరికివ్వాలన్న దగ్గర వాదించుకున్నాం కూడా. నా మాట తప్పయింది.

కప్పు డిగ్లీపూర్ వాళ్ళు ఎత్తుకుపోయారు. తెల్లవారుజాము బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్తారట.

ఏప్రిల్ 10, గురువారం

మళ్ళీ వెన్నెల రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, బెంచీ మీద చోటు లేదు. వచ్చే ఏడాది జట్టు గురించి ఇప్పటినుంచే మొదలైంది. ధనరాజుని ఉంచుకోవాలని అందరిదీ ఒకటే మాట. దాలయ్యని బాంబూఫ్లాట్ నుంచి వెనక్కి అడగాలా వద్దా అన్న దగ్గర రెండు ముక్కలయ్యారు.

లోహిత్ అడుగుదామన్నాడు. సత్యారావు మావయ్య గొంతు తగ్గించి, గల్లా మీదకి వంగాడు.

"నిజం సెప్పు కోడలా. భుజం ఎలగుంది? వొచ్చే ఏటికి పనికొత్తాడా?"

అందరూ నా వైపు తిరిగారు. కాళమ్మ పిన్ని కూడా. ఎలా ఉందో నాకు తెలుసు. ఎన్నాళ్ళు ఆడగలడో, ఎన్ని ఓవర్లు వేయగలడో, ఈ ద్వీపాల్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

"లోపల వల అల్లుతున్నాడు," అన్నాను. "ఎల్లి ఆయన్నే అడుగు మావయ్యా."

మావయ్య లేచి, చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళాడు. వెనకాలే లోహిత్ వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. వినడానికి ప్రయత్నించలేదని రాస్తే అబద్ధమవుతుంది.

కాళమ్మ పిన్ని నన్ను మోచేత్తో పొడిచింది. "నువ్వేటంతావే మరి? ఆడగలడా, నేడా?"

నా అభిప్రాయం నాకుంది. పొద్దున టీ ఇచ్చేటప్పుడే ఆయనతో చెప్పేశాను.